పద్నాలుగు వ్యాగన్ల తలుపులు

అరకులోయ మండలంలో రైలు గేటు పక్కనున్న సిమెంటు రేకుల ఇంట్లో కాపురముంటున్న, కీర్తిశేషులు గాసి కుమార్తెను, కీర్తిశేషులు ఏసుదానం భార్యను, డెబ్భై ఒక్క ఏళ్ల దెబోరా అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి కన్నీళ్లకూ కరగకుండా, పూర్తి తెలివిలో ఉండి రాయిస్తున్న వీలునామా ఇది. మతి బాగానే ఉంది. 1938 నాటి గూడ్సు వ్యాగనుకి ఒక పక్కన ఎన్ని రివిట్లుండేవో ఇప్పుడడిగినా చెబుతాను. చేతులే వణుకుతున్నాయి. అందుకని మా మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన లాజరస్ మాస్టారు రాస్తున్నారు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, ఒక్క మాట కూడా మెత్తబరచకూడదు అన్న షరతు మీదే కుర్చీ వేశాను.

2016లో నేను రాసి రిజిస్టరు చేయించిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో "నా కూతురు జీవితకు నా ఆస్తిలో చిల్లిగవ్వ కూడా చెందదు" అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం తప్పని తేలింది. ఈ కొత్త వీలునామా దానికోసమే. జీవిత పందొమ్మిదేళ్లుగా ఈ గడప తొక్కలేదు. ఆ తప్పు దానిదని అరకంతా నమ్మించాను.

నా ఆస్తి: ఈ ఇల్లు, వెనకనున్న ఎకరం ఇరవై సెంట్ల కాఫీ తోట, అందులోని మిరియాల తీగలూ సిల్వర్ ఓక్ చెట్లూ. ఇవి గాక, ముందు గదిలో అద్దాల బీరువాలో నిలబడి ఉన్న గూడ్సు బండి. ఇరవై రెండు వ్యాగన్లు. మా నాన్న గాసి పద్దెనిమిదేళ్ల వయసులో, 1938లో, విజయనగరం గూడ్సు షెడ్డులో చింతపండు, కరక్కాయ బస్తాలు ఎక్కించిన బండి అది. అడుగుకు పావు అంగుళం లెక్కన, సిల్వర్ ఓక్ చెక్కతో, పాలడబ్బాల రేకుతో ఇరవై ఏడేళ్లు కూర్చుని చేశాను. బొమ్మ అని ఎవరైనా అంటే వాళ్లకి మా ఇంట్లో కాఫీ ఇచ్చేదాన్ని కాదు. కాగితంలో ఆధారం లేని మేకు ఒక్కటి కూడా ఆ బండిలో లేదని చెప్పుకుంటూ బతికాను. పనిలో వేలు పెట్టిన ప్రతివాడి పొరపాటునూ పేరుతో, తేదీతో "తప్పుల పుస్తకం"లో ఎక్కించాను. ఇప్పుడు దాన్ని కూడా పంచుతున్నాను.

1. మా అన్న కొడుకు ధనుంజయ్‌కి బండి చివరనున్న గార్డు పెట్టె ఇస్తున్నాను. నేను కంటి ఆపరేషనుకి విశాఖ వెళ్లిన వారంలో వాడు దానికి పెళ్లి కారు ఎరుపు పూశాడు. ఇదేమిట్రా అంటే, "టూరిస్టులకి కంటికి ఇంపుగా ఉంటాది కదత్తా" అన్నాడు. దాని అసలు రంగు కాలిన ఇటుక రంగు. గీకినా రాలేదు. దానితోపాటు తప్పుల పుస్తకంలో వాడి పేరునున్న పదకొండు పేజీలు కూడా వాడివే. ఇల్లు గానీ తోట గానీ సెంటు కూడా వాడికి లేదు. ప్రతి క్రిస్మస్‌కీ కేకు పట్టుకొచ్చి, కేకు నా చేతికిచ్చి, కళ్లతో వరండా కొలుచుకుని వెళ్లేవాడు. మన్యం భూమి గిరిజనులు కాని మైదానం వాళ్ల పేరు మీదికి వెళ్లదన్న చట్టం వాడికి తెలుసు. అందుకని కాగితాల్లో తన పేరు, లోపల ఎవరో రిసార్టు ఆయన గదులు అని బేరం కుదుర్చుకున్నాడు. ఆ చట్టం నాకూ తెలుసు నాయనా. ఆ బేరమూ తెలుసు. నువ్వు కోర్టుకెక్కితే జడ్జిగారి ముందు ఆ పదకొండు పేజీలూ చదివించమని మాస్టారికి చెప్పి పోతున్నాను.

2. పక్కింటి ఈశ్వరమ్మకు నా రెండు ఉన్ని శాలువలు, ప్రెషర్ కుక్కరు, పెరటి షెడ్డు మీది ఎనిమిది జింకు రేకులు ఇస్తున్నాను. ఈశ్వరమ్మ నోరు మూతపడదు, పులుసులో ఉప్పు ఏనాడూ సరిగా పడదు. అయినా నాలుగేళ్లుగా ఆ పులుసు తినే బతికున్నాను, కాబట్టి శాలువలు ఊరికే. రేకులు మాత్రం ఊరికే కాదు. తన మేకల దొడ్డికి అడ్డం పెట్టుకున్న రెండు చెక్క తలుపులు ఊడదీసి, కడిగి, జీవిత వచ్చేదాకా వానకు తడవకుండా దాచాలి. ఆ తలుపుల మీద గొడ్డలి పడకూడదు.

ఆ తలుపుల సంగతి ఇప్పుడు చెప్పాలి.

3. ఇది పంపకం కాదు, వాంగ్మూలం. అయినా దీనికీ నంబరు వేయమన్నాను.

విశాఖలో ఒక రైలు వర్క్‌షాపు డ్రాయింగు ఆఫీసులో ఇరవై నాలుగేళ్లు ట్రేసరుగా చేశాను. పెన్సిలు బొమ్మ మీద పల్చటి ట్రేసింగు గుడ్డ పరిచి, కింది గీతల్ని సిరాతో పైకి దింపడం ట్రేసరు పని. నా అంత వేగంగా గీసేవాళ్లు ఆ ఆఫీసులో లేరు. కంప్యూటర్లు వచ్చి మా పని పోయాక, నేను గీసిన పాత వ్యాగన్ల బొమ్మల నకళ్లు కట్టగట్టుకుని భర్త ఊరు అరకు వచ్చాను. ఈ బండి మొత్తం ఆ నకళ్లు చూసి కట్టిందే.

మా ఇంటికి రెండు మైళ్ల దూరంలో, లైను వేసిన రోజుల్లో కూలీల సామాను కోసం కింద దించేసిన, నా బండిలోని రకానిదే ఒక పాత వ్యాగను పెట్టె ఉండేది. చక్రాల్లేవు. నా భర్త ఏసుదానం ట్రాక్ మీద పనిచేసేవాడు, సుత్తులూ పారలూ అందులోనే పెట్టేవాడు. జీవిత తండ్రికి క్యారేజీ తీసుకెళ్లినప్పుడల్లా ఆ పెట్టెను కొలిచింది. నాకు చెప్పకుండా కొలిచింది. 2006లో కోత పండుగ నాడు, చర్చిలో గుమ్మడికాయలూ రాగి కంకులూ పెట్టిన కానుకల బల్ల మీద తను చేసిన మొదటి వ్యాగను పెట్టింది. దానికప్పుడు పదిహేడేళ్లు.

పైకప్పున్న వ్యాగనుకి పక్కన రెండు తలుపు రెక్కలుంటాయి. ఒక్కో రెక్క మీద మూల నుంచి మూలకు ఏటవాలుగా ఒక ఇనుప పట్టీ. నా నకలులో ఆ రెండు పట్టీలూ ఒకదానికొకటి ఎదురెదురుగా వాలి ఉంటాయి. జీవిత చేసినదానిలో రెండూ ఒకే వైపు వాలాయి. ఇదేమిటని అందరి ముందూ అడిగాను. "కొల్సి సేసినానమ్మా. పెట్టె అలాగే ఉంది. రా, సూపిత్తాను, రెండు మైళ్లే కదా" అంది. కాయితంలో లేనిది బండిలో ఎలా ఉంటాదే గుంటా, అన్నాను. ఆ వ్యాగను కింద పెట్టి చెప్పుకాలితో తొక్కాను. విరిగిన చప్పుడుకి ఎవరో నవ్వారు, ఆ వెనక చర్చంతా నవ్వింది. నేనూ నవ్వాను. అది నవ్వలేదు, ఏడవలేదు. పై వారం కిరండోలు పాసింజరెక్కి దిగువకి వెళ్లిపోయింది. ఇప్పుడు సీతంపేటలో హాస్టలు వార్డెను.

ఎనిమిదేళ్ల కిందట తండ్రి పోతే సమాధి దాకా వచ్చింది. ఇంటికి రాలేదు. మట్టి వేసి చేతులు దులుపుకుంటూ నాతో ఒక్కటే మాట అంది: "ఏటమ్మా, ఇప్పుడైనా ఎల్లి కొల్సినావా?" కాగితం ఉండగా కొలవడం దేనికి అన్నాను. భర్తను పూడ్చిన గంటలో నేనన్న మాట అది.

ఈ ఆగస్టులో రెండో లైను పనుల కోసం ఆ పెట్టెను విప్పేశారు. కాంట్రాక్టరు చెక్కలు అమ్ముకున్నాడు. ఈశ్వరమ్మ రెండు తలుపులు కొనుక్కొచ్చి మేకల దొడ్డికి కట్టింది. పెరట్లో మొహం కడుక్కుంటూ తలెత్తి చూశాను. పట్టీలు రెండూ ఒకే వైపు వాలి ఉన్నాయి. బందులు చూసి ఏది ఎడమ రెక్కో ఏది కుడి రెక్కో తేల్చుకున్నాను. స్కేలు తెచ్చి కొలిచాను. మేకలు నా చీర నములుతుంటే మూడుసార్లు కొలిచాను.

అప్పుడు గుర్తొచ్చింది. 1975లో నాకిచ్చిన అసలు బొమ్మలో కుడి సగం చెదలు తినేశాయి. వ్యాగన్లు చూసి రమ్మని మనిషిని పంపితే వారం పడుతుంది. నేను ట్రేసింగు గుడ్డను సరిగ్గా మధ్య గీత మీద మడిచి, ఎడమ సగాన్నే కుడివైపు దింపేశాను. పూటలో పని అయిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. మడిస్తే పట్టీ తిరగబడుతుంది, అంతే. యాభై ఏళ్లు నేను ఆధారం అని చూపించింది నేను మడిచిన గుడ్డనే. ఆ ఆఫీసు పేరు ఇందులో రాయించను. ఆ తప్పులో ఇంకెవరికీ వాటా లేదు.

నా బండిలో అలాంటి వ్యాగన్లు పద్నాలుగు. పద్నాలుగూ తప్పే. ఇరవై ఏడేళ్లలో నా కళ్ల ముందుకొచ్చిన ఒకే ఒక్క సరైన వ్యాగనును కాలికింద వేసి నలిపాను. నాకు సిగ్గుగా ఉంది. ఏసుదానం ఆ రోజు ముక్కలన్నీ ఏరి బిస్కెట్ల డబ్బాలో పోసి, తను పోయేదాకా తన బట్టల ట్రంకులో దాచుకున్నాడు. నాతో ఒక్కనాడూ అనలేదు. అందులో ఒక తలుపు రెక్క విరక్కుండా ఉంది. తీసి కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు.

4. ఆ రోజు నవ్విన మా చర్చికి నా అద్దాల బీరువా ఇస్తున్నాను. ఖాళీగా. బలిపీఠం పక్కన, అందరికీ కనబడేచోట పెట్టాలి. అందులో బైబిళ్లు, పువ్వులు, పాటల పుస్తకాలు ఏవీ పెట్టకూడదు. ఎందుకు ఖాళీగా ఉందని పిల్లలడిగితే, నవ్వినవాళ్లలో బతికున్నవాళ్లు లేచి చెప్పాలి. ఈ షరతు ఒప్పుకోకపోతే బీరువా ఈశ్వరమ్మ కోళ్లకి.

5. ఇల్లు, తోట, గార్డు పెట్టె తప్ప మిగిలిన ఇరవై ఒక్క వ్యాగన్లు, నా స్టీలు స్కేలు, సిరా గీతల కలాలు, కోత కత్తులు, బిస్కెట్ల డబ్బా, ఈశ్వరమ్మ దగ్గరి రెండు తలుపులు, సమస్తమూ నా కూతురు జీవితకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. షరతులు లేవు. అమ్ముకోవచ్చు, స్నానానికి నీళ్లు కాచే పొయ్యిలో పెట్టుకోవచ్చు. దిద్దాలనుకుంటే అది ఒక్కతే దిద్దాలి, ఇంకెవరి చెయ్యీ పడకూడదు. నేను ప్రయత్నించాను. వణుకుతో రెండు పట్టీలు విరగ్గొట్టాను, మానేశాను. పద్నాలుగింటికీ అడుగున ఎర్ర రంగుతో "తప్పు, దెబోరా, 1975" అని మాత్రం రాయగలిగాను. తప్పుల పుస్తకంలో జీవిత పేరు మీదున్న పేజీని కొట్టేశాను. చించలేదు. నేనేం రాశానో అది చదవాలి.

6. నన్ను ఏసుదానం పక్కన పూడ్చవద్దు. ఆయన పక్క చోటు జీవితకు ఉంచండి. సమాధి మీద వాక్యం వద్దు. మట్టి వేసే ముందు ఈ వీలునామాలోని మూడో నంబరు మొత్తం, కూడినవాళ్లందరికీ వినబడేలా లాజరస్ మాస్టారు చదవాలి. ఎవరైనా మధ్యలో నా మంచితనం గురించి మాట్లాడబోతే ఆపేయాలి.

7. ఈ వీలునామా అమలు బాధ్యత లాజరస్ మాస్టారిదే. ఆయనకి ఏమీ ఇవ్వడం లేదు, ఇస్తే ఆయన తీసుకోరు. ఇంతవరకూ రాసి ఆయన కలం పక్కన పెట్టి, "దెబోరమ్మా, ఇదంతా నాసేత రాయించే బదులు ఆ గుంటకి ఒక్క ఫోను సేసేత్తే సరిపోతాది కదా. నంబరు నా దగ్గరుంది, ఇప్పుడే కలిపిత్తాను" అన్నారు. ఆ మాట కూడా రాయమన్నాను.

నంబరు నా దగ్గరా ఉంది. ఈ మూడు నెలల్లో రెండుసార్లు కలిపి, రింగవకముందే కట్ చేశాను. ఎందుకో కూడా రాయండి మాస్టారూ. బతికుండగా చెబితే జీవిత నాకు జవాబు చెబుతుంది. తిడుతుందో, ఏడుస్తుందో, "సర్లేమ్మా" అని ఊరుకుంటుందో. మూడింట్లో ఏది విన్నా నేను తట్టుకోలేను. చచ్చాక చెబితే అదేమన్నా నాకు వినబడదు. ఆ రోజు చర్చిలో దాన్ని మాట్లాడనివ్వలేదు, ఇప్పుడూ మాట్లాడనివ్వడం లేదు. ఇది అన్యాయమని తెలిసే చేస్తున్నాను. కాబట్టి ఈ కాగితాలు కవరులో పెట్టి అతికించాలి. నా ఊపిరి పోయేదాకా జీవితకు ఈ సంగతి ఎవరూ చెప్పకూడదు.

తేదీ: 2025 నవంబరు 18, మంగళవారం
స్థలం: అరకులోయ

సంతకం: దెబోరా
(అక్షరాలు వంకరపోయినా ఇది నా చెయ్యే.)

సాక్షులు, వీలునామాలో వీళ్లకు ఏమీ రాయలేదు కనుకనే పిలిపించాను:
1. నూకరత్నం, రిటైర్డు నర్సు, అరకులోయ
2. ధర్మ, జీపు డ్రైవరు, చింతపల్లి

చెప్పింది చెప్పినట్టు రాసినవారు: లాజరస్