గట్టిగా అడిగిన రోజు

బెజవాడ, ఆగస్టు 1974
ఆదివారం రాత్రి

మా ఆయనకు పక్షవాతం వచ్చి మంచం పట్టినప్పటినుంచి, ప్రతి ఆదివారం చర్చిలో ఎవరి సంగతి వాళ్ళు అందరితో చెప్పుకునే సాక్ష్యం వేళ లేచి "దేవుడు చూసుకుంటున్నాడు, ప్రార్థించండి" అని కూర్చునేదాన్ని. అందరూ ప్రార్థించారు. కదలకుండా పడుకోవడంవల్ల ఆయన వీపు మీద లేచిన పుండు మాత్రం పెద్దదవుతూనే ఉంది. ఆయన్ని పక్కకు తిప్పడం నా ఒక్కదానివల్ల కావడం లేదు.

ఈరోజు లేచి, "ప్రార్థనతోపాటు మనిషి సాయం కూడా కావాలి" అన్నాను.

వెనకనుంచి రత్నమ్మక్క, "వినపళ్ళేదు సుగుణమ్మా, కాస్త గట్టిగా చెప్పు" అంది.

ఈసారి చర్చి అంతా వినపడేలా, "ఆయన్ని పక్కకు తిప్పడానికి రోజూ ఎవరో ఒకరు రావాలండీ" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆరాధన అయ్యాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం? దేవుడు చూసుకుంటున్నాడని నువ్వంటే, మేమూ దేవుడికే వదిలేశాం."

సాయంత్రం కృష్ణలంక నుంచి ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. దుప్పటితో సహా పట్టుకుని ఆయన్ని నెమ్మదిగా పక్కకు తిప్పారు. వీపుకు గాలి తగిలి ఆయన "అమ్మయ్య" అన్నారు. ఇక రోజూ వంతులవారీగా వస్తారట.

పుండు ఎప్పటికి మానుతుందో... ఈ రాత్రి ఆ మాట ప్రభువును కూడా గట్టిగానే అడుగుతాను.