ఎరువు గుంతలో ఫినాయిల్

అమ్మా, తనిఖీకొచ్చేవాళ్లకు వాసన రాకూడదని మా హెడ్మాస్టరు, పిల్లలు మూడు నెలలు పెంచిన ఎరువు గుంతలో ఫినాయిల్ పోయించాడు. వానపాములన్నీ చచ్చాయి. మూడో తరగతి బుడ్డది, "సార్, వీటికి ఆస్పత్రి లేదా?" అంది. నేలను చంపే హక్కు మీకెవరిచ్చారని ఆయన్ని నిలదీశాను. "మళ్లీ కరపత్రం చదవడం మొదలెట్టావా?" అన్నాడు. ఉద్యోగం ఉంది, బెంగపడకు.

మన పెరట్లో అంట్లు తోమేచోట నేనూ అక్కా వానపాముల కోసం తవ్వుతుంటే, నువ్వు చెంబుడు నీళ్లు చల్లి తరిమేదానివి. ఆ తడిమట్టి వాసన ఇంకా ముక్కులోనే ఉంది. నాన్న మోకాలు ఎలా ఉంది? ఆయనకు నా నమస్కారాలు.

కొత్త గుంత పిల్లలే తవ్వుతున్నారు. మన పెరట్లో ఆ తడిమట్టిని వానపాములతో సహా డబ్బాకెత్తి, మూతకు చిల్లులు పెట్టి, నువ్వూ అక్కా ఆదివారం పొద్దున పదింటికల్లా మా బడి గేటు దగ్గరికి వచ్చేయండి.