మబ్బు అని రాసిన సాయంత్రం

వదినకు,

ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. అన్నయ్య చేతికిచ్చి పంపుతున్నాను, చదవనని ఒట్టు వేయించుకున్నాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, మనిద్దరిలో పెత్తనం ఎప్పుడూ నీదే. ఈ అబ్జర్వేటరీలో ఉద్యోగం వేయించింది నువ్వు, టెలిస్కోపు తిప్పడం నేర్పింది నువ్వు, నా తోకచుక్కల వెర్రి చూసి "తోకచుక్క" అని పేరు పెట్టిందీ నువ్వే.

సోమవారం రాజీనామా ఇస్తున్నావట. "తొమ్మిదేళ్లుగా ఆకాశంలో పేలుళ్ల కోసం కాచుకుని కూర్చుంది, అదృష్టం లేదు, అలిసిపోయానంటోంది" అన్నాడు అన్నయ్య. నీ అదృష్టానికేం కాలేదు వదినా. నేనే అడ్డుపడ్డాను.

కిందటేడు నువ్వు జ్వరంతో క్వార్టర్స్‌లో పడుకున్న సాయంత్రం గుర్తుందా? నాకు కొత్తగా కనిపించిన తోకచుక్కను అప్పటికి రెండు సాయంత్రాలు కొలిచాను. దాని దారి లెక్కగట్టాలంటే మూడో కొలత కావాలి. అదేమో సూర్యుడి వెనకే దిగిపోతోంది. పొద్దుగూకాక ఇరవై నిమిషాలు కనిపిస్తుంది, మర్నాటి నుంచి అదీ ఉండదు. సరిగ్గా ఆ ఇరవై నిమిషాల్లోనే అలారం మోగింది. ఉపగ్రహం గామా కిరణాల పేలుడును పసిగట్టింది, అదీ నడినెత్తిన. మన రూలు నాకు తెలియనిదా? అలారం మోగితే ఎవరి పని ఎంతవరకు వచ్చినా వదిలేసి టెలిస్కోపు అటు తిప్పాలి. ఆ వెలుగు నిమిషాల్లో ఆరిపోతుంది, మళ్లీ రాదు.

నేను తిప్పలేదు. అలారం ఆపేసి నా తోకచుక్కనే చూస్తూ కూర్చున్నాను. నువ్వు ఫోన్ చేసి, పూడుకుపోయిన గొంతుతో "తిప్పావా?" అన్నావు. "మబ్బు పట్టింది వదినా" అన్నాను. లాగ్‌బుక్‌లో కూడా అదే రాశాను. "పోనీలే, నువ్వేం చేస్తావు. తిన్నావా?" అన్నావు. తిట్టినా బాగుండేది.

పోనీ, నాకైనా దక్కిందా? ఆ తోకచుక్కను నాకంటే నాలుగు రోజుల ముందే ఇంకెవరో కనిపెట్టి కొలిచేశారట. రెంటికీ చెడ్డ రేవణ్ణయ్యాను. పధ్నాలుగు నెలలుగా డోము తలుపు తీసిన ప్రతిసారీ ఆ పేజీయే గుర్తొస్తోంది. పని మీద ఇష్టం పోయింది. నీ ఎదురుగా అన్నానికి కూర్చోకుండా ఏదో వంకతో తప్పించుకుంటున్నాను. నాకూ ఓపిక అయిపోయింది వదినా. మానాల్సింది నేను. డైరెక్టరుగారికి చెప్పేస్తాను, నువ్వు మాత్రం వెళ్లకు.

నీ
తోకచుక్క


తోకచుక్కకు,

మీ అన్నయ్య ఒట్టు తప్పలేదు. కవరు లైటుకు పట్టి చూశాడంతే, ఏమీ కనిపించలేదట పాపం.

ఆ రోజు నా మంచం కిటికీ పక్కనే ఉందన్న సంగతి నువ్వు మరిచిపోయావు. నీతో ఫోన్లో మాట్లాడుతూ ఆకాశమే చూస్తున్నాను. మచ్చుకైనా మబ్బు లేదు. అప్పుడే అడగాల్సింది. అడిగితే ఇంకో అబద్ధం చెబుతావేమోనని భయం వేసింది. రేపు చెబుతావు, ఎల్లుండి చెబుతావు అని చూస్తూ ఉండిపోయాను. అది నా తప్పు.

అదృష్టం సంగతి మీ అన్నయ్య నోరు మూయించడానికి చెప్పిన మాట. ఒక పేలుడు పోతే ఇంకోటి వస్తుంది. నేను అలిసిపోయింది వాటి కోసం కాచుకుని కాదు. "ఆకాశం ఎలా ఉంది?" అని నిన్నడిగి, నువ్వు చెప్పాక ఫోన్ పెట్టేసి, లేచి కిటికీ దగ్గరికెళ్లి చూసుకునేదాన్ని. ఆ సాయంత్రం నుంచి రోజూ అంతే. డోములో ఉన్న మనిషి మాట నమ్మలేకపోతే ఈ పని ఎలా చేయను? ఆ మనిషి నువ్వైతే ఇంట్లో మాత్రం ఎలా తిరగను?

కోపం పోయిందని రాయలేను. లాగ్‌బుక్‌లో ఆ మాట మీద ఒక్క గీత కొట్టు, కింద అక్షరాలు కనబడాలి. పక్కన జరిగింది రాసి సంతకం పెట్టు. డైరెక్టరు దగ్గరికి నువ్వే వెళ్లు, నేను తోడు రాను. ఆయన ఏమన్నా పడు.

రాజీనామా కాగితం ఇంకా సంచిలోనే ఉంది. రేపు పొద్దుగూకే వేళకు ఫోన్ చేస్తాను. నిన్ను డోములో ఉండనిస్తే అక్కణ్ణుంచి, లేకపోతే మేడ మీంచి, ఆకాశం ఎలా ఉందో చూసి చెప్పు. నేను కిటికీ తెర వేసుకుని కూర్చుంటాను.

వదిన