పసుపు గీతకు ఇవతల

సూరత్,
ఆగస్టు 2020

చి॥ల॥సౌ॥ అనంతలక్ష్మిని ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. అక్కడ రాజోలులో నువ్వూ, బాలింత అమ్మాయీ, నేనింకా కళ్లారా చూడని మనవడూ సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను.

నువ్వు చెప్పిన కషాయం తాగుతున్నాను, నిన్ను తిట్టుకుంటూనే. నిన్న పప్పు మాడింది, అదే తిన్నాను. పని సంగతి అడిగితే మాట మారుస్తున్నానని దెప్పావు. ఫోన్లో నీ ముఖం చూస్తూ చెప్పలేక ఇలా రాస్తున్నాను.

సూర్యుడిలో మండే మంటను యంత్రంలో పుట్టించాలంటే ముందు వాయువును విపరీతంగా కాచాలి. అందుకోసం మేం పరీక్షిస్తున్నది మన వంటింటి మైక్రోవేవ్‌కు ముత్తాతలాంటి గొట్టం. దాని చుట్టూ పెద్ద అయస్కాంతం. గొట్టానికి కరెంటు ఆపినా అయస్కాంతం బలం తగ్గదు. అందుకే నేలమీద పసుపు గీత గీశారు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అది దాటకూడదు. కరోనా వల్ల విదేశీ నిపుణులు రాలేకపోయారు. షిఫ్టుకు ఇద్దరమే, నేనూ, తేజశ్రీ అనే కుర్ర ఇంజనీరూ.

పోయిన వారం గొట్టానికి కరెంటు ఆపి, ఆ పిల్ల నీళ్ల పైపులు చూడ్డానికి గీత దాటి వెళ్లింది. మాస్కు, షీల్డు, పైగా ఉక్క. ఉన్నట్టుండి కూలిపోయింది. సిమెంటు దిమ్మకు తల కొట్టుకుని రక్తం కారుతోంది. పేరు పెట్టి అరిచాను. కదల్లేదు. నేనూ గీత దగ్గర నుంచి కదల్లేదు.

మగ్గాలు మూతపడి, ఇక్కడ తెలంగాణ నేతపనివాళ్లుండే నవాగామ్ పేట నుంచి వచ్చి మా దగ్గర వాచ్‌మన్‌గా చేరిన రాజలింగం పరిగెత్తుకొచ్చాడు. "ఏంది సారూ, గిట్ల నిలబడి సూస్తున్నరు? జర జరుగుండ్రి!" అని నన్ను పక్కకు తోశాడు. అయస్కాంతం ఇనుమును లాగేస్తుందని, తాళాలు, బెల్టు పారేసి వెళ్లమని అరవడమొక్కటే నేను చేసిన సాయం. అతనే ఎత్తుకొచ్చాడు.

నుదుటికి కుట్లు పడ్డాయి, అంతే. మర్నాడు ఆ పిల్లను చూడ్డానికి వెళ్తే, "నాకు కరోనా ఉందనుకుని భయపడ్డారు కదా సార్?" అంది. అవునన్నాను.

లక్ష్మీ, అది అబద్ధం. ఇంత ఉక్కలో వీడియో కాల్‌లో మెడదాకా గుండీలెందుకని అడిగావే, ఇందుకే. జూన్‌లో క్వారంటైన్ అని నీకూ ఆఫీసుకూ చెప్పిన రోజుల్లో నేను ఆసుపత్రిలో ఉన్నాను. నాకు పేస్‌మేకర్ పెట్టారు. నీకు చెబితే చంటివాణ్ణి వదిలి బయల్దేరతావు. ఆఫీసుకు చెబితే, ఇన్నేళ్లు ఎదురుచూసిన పని చేజారుతుంది. గీతకు ఇవతలే ఉండి నెట్టుకురావచ్చనుకున్నాను. తోడుగా మనిషున్నాడన్న ధైర్యంతోనే ఆ పిల్ల లోపలికి వెళ్తోందని నాకు తట్టలేదు. ఆ క్షణాన, అడుగు వేస్తే మనవణ్ణి చూడకుండానే పోతాననిపించింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈ ఉత్తరం పోస్టు చేసి, నేరుగా ఆఫీసుకు వెళ్లి అంతా చెప్పేస్తాను. పని పోతే పోనీ. నువ్వు మాత్రం కంగారుపడి బయల్దేరకు.

తేజశ్రీ మళ్లీ పనిలోకి వచ్చింది. నాకు టీ తెచ్చి బల్లమీద పెట్టి, గబగబా వెనక్కి వెళ్లి దూరంగా నిలబడుతోంది. నేను భయపడకూడదని.

ఇట్లు,
నీ భర్త,
రామమోహనరావు