కుదుపు లేకుండా

అన్నా,

నువ్వు కరోనాతో పోయి నేటికి ఏడాది. పొద్దున అమ్మకు టీకా వేయించడానికి నీ వ్యానులోనే బమ్రోలి నుంచి పాండేసరకు తీసుకెళ్లాను. నువ్వు పక్కన కూర్చుని నేర్పే రోజుల్లో, నేను గేరు మార్చిన ప్రతిసారీ బండి ఎగిరిపడేది. "క్లచ్ జర మెల్లగ ఇడువు చెల్లే" అని విసుక్కునేవాడివి.

ఈ రోజు రెండో గేరు నుంచి మూడుకు ఎప్పుడు మారిందో నాకే తెలియలేదు. వెనక సీట్లో కునుకు తీస్తున్న అమ్మ, కళ్లు తెరవకుండానే అడిగింది.

"రాజూ, నీ చెల్లె ఎప్పుడు నడుపుతదిరా గిట్ల మెత్తగ?"

గొంతు తగ్గించి, "నేర్చుకుంటదమ్మా" అన్నాను.

నీలా ఎందుకు పలికానో తెలియదు. బండి ఆపి, నడుపుతున్నది నేనేనని చెప్పాల్సిందా? అద్దంలో చూస్తే అమ్మ నవ్వుతూ నిద్రపోతోంది. మురిసిపోవాలో ఏడవాలో తోచక, నాలుగో గేరు వేశాను.

నీ చెల్లెలు