బండి మీంచి తీసిన వార్త

శనివారం రాత్రి, మొయినాబాద్

ఇయ్యాల మస్తు సంబురంగున్నది. యూట్యూబ్ ఛానెల్ పెట్టినకాంచి "తప్పయింది" అని చెప్పిన మొదటి వీడియో ఇదే. అన్నిటికంటె ఎక్కువమంది చూసింది గూడ దీన్నే!

మొన్న ఎంకపల్లి రోడ్డు మీద బండి ఆపి, మురికినీళ్లల్ల క్యారెట్లు కడుగుతున్నరని ఫోన్ల తీసి పెట్టిన. అవి బోరు నీళ్లే. క్యారెట్ల మన్ను కలిసి ఎర్రగయినయ్. తెల్లారి చేవెళ్ల మార్కెట్ల, ఆ పొలం యాదమ్మవ్వ క్యారెట్లు ఒక్కరు ముట్టలేదు. ఆమె కోడలు ఫోన్ చేసి ఏడిస్తే గని నాకు తెల్వలే.

పొద్దున భయపడుకుంటనే అవ్వ పొలం కాడికి పోయిన. అవ్వ తిట్టింది. తిట్టి, బోరు నీళ్లు ఇడిసింది. క్యారెట్ కడిగి, లైవ్‌ల నేనే కొరికి, "తప్పు నాది, అవ్వది కాదు" అన్న. అవ్వ కెమెరా దిక్కు వంగి, "ఒక్కటి సాలదు, గంపెడు తినిపియ్యుండ్రి, తప్పు పెద్దగనే జేసిండు" అన్నది. కూలోళ్లంత పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్విండ్రు, నేను గూడ. మధ్యాహ్నానికి జనం పొలం కాడికే వచ్చి కొనుక్కపోయిండ్రు.

పాత వీడియో తీసేసిన గని, ఎవరెవరి వాట్సాప్ గ్రూపుల్ల ఇంకా తిరుగుతున్నదో... పేపర్ల పనిజేసేటప్పుడు "ఆమెను అడిగినవా?" అనేటోడు డెస్క్‌ల ఒకడుండె. ఇప్పుడు డెస్క్ నేనే, రిపోర్టర్ నేనే.

వచ్చేటప్పుడు అవ్వ సంచి నిండ క్యారెట్లు పోసింది. రోడ్డు మీదున్న నా బండి దాక తోడొచ్చి, వెనక్కి తిరిగి పొలం దిక్కు చూసింది.

"గింతే దూరం గద బిడ్డా, ఆ రోజే దిగొస్తే అయిపోతుండె గద."