కొబ్బరినూనె గీత

మంగళవారం, బన్సీలాల్‌పేట్

ల్యాబ్‌లో పెంచిన చర్మం ఒంట్లో తడిని నిలుపుకోలేదు. పైపొరలో ఉండాల్సిన కొవ్వు దానికి సరిగా పుట్టదు. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోతుంటే నేను మూడేళ్లుగా ఆ కొవ్వు కోసమే కూర్చున్నాను. నిన్న, ఒక్కో రకం కొవ్వు ఒక్కో ఎత్తున గీతగా నిలిచే గాజు పలక మీద దాని గీత కనబడగానే అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

మా గైడ్ సార్ నమ్మలేదు. ఇవాళ పక్కనే కొబ్బరినూనె చుక్క పెట్టి మళ్లీ పరీక్ష చేయించారు. రెండు గీతలూ ఒకే ఎత్తున నిలిచాయి.

"ఇది చర్మం చేసుకున్నది కాదమ్మా, నీ చేతి నూనె" అన్నారు.

షుగర్ వచ్చినప్పటి నుంచి అమ్మ మడమలు పగులుతాయి. రోజూ బయల్దేరే ముందు నూనె రాస్తాను. నిన్న తొందరలో చేతులు సరిగా కడుక్కోలేదు, ల్యాబ్‌లో గ్లవ్స్ వేసుకోకుండానే చర్మం నమూనా ఉన్న సీసా మూత తీశాను.

సాయంత్రం అమ్మకు ఇదంతా చెప్పేశాను. ఎందుకు చెప్పానో! ఆమె మెల్లగా కాళ్లు చీరలోకి ముడుచుకుంది.

"ఇగ నువ్వు రాయకు బిడ్డా. నేనే రాసుకుంట."

అమ్మ చెయ్యి మడమ దాకా అందక రెండేళ్లయింది.